క్రిస్టల్ ఒకటా, రెండా? ఎక్స్-రే డేటాలో ట్విన్‌ను పసిగట్టడం ఎలా

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ల్యాబ్‌లో క్రిస్టల్ పెంచి, డేటా కోసం హైదరాబాద్ పంపే విద్యార్థుల కోసం రాస్తున్నానిది. వాళ్ల నోట తరచూ వినబడే మాట ఒకటుంది: "సార్, ఆర్ వాల్యూ 14 శాతం కాడ ఆగింది, ఇంక దిగుతలేదు." ఆర్ అంటే మన మోడల్ లెక్కకూ కొలిచిన డేటాకూ ఉన్న తేడా, ఎంత తక్కువైతే అంత మంచిది. చూస్తే క్రిస్టల్ అద్దంలా ఉంటుంది, ఎక్స్-రే మచ్చలు గుండ్రంగా ఉంటాయి, సాఫ్ట్‌వేర్ కూడా స్పేస్ గ్రూప్ (నిర్మాణ సౌష్ఠవాన్ని చెప్పే వర్గం) ఇదేనని ధీమాగా చెబుతుంది. అయినా స్ట్రక్చర్ కుదరదు. ఒక్కోసారి దానికి కారణం ట్విన్, అంటే ఒకే పదార్థపు ముక్కలు ఒక నియమం (ట్విన్ లా) ప్రకారం కలిసి పెరిగిన క్రిస్టల్. ఇలాంటప్పుడు "క్రిస్టల్ మంచిగ లేదు" అని పక్కన పెట్టేవాళ్లు కొందరు. దొరికిన ప్రతి ట్విన్ లానూ పెట్టేసి, ఆర్ కాస్త దిగగానే పేపర్ రాసేవాళ్లు ఇంకొందరు. రెండూ తొందరపాటు పనులే. ట్విన్ అని అనుమానించడానికి ఒక్క సూచన చాలు. ట్విన్ అని తేల్చడానికి మాత్రం ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు మూడు సాక్ష్యాలు ఒకే మాట చెప్పాలి. కింది మెట్లన్నీ ఆ సాక్ష్యాలు పోగుచేసే పద్ధతే.

ముందు సంగతి: ఏది ట్విన్, ఏది కాదు

ముతక రేణువుల గులాబీ గ్రానైట్ మన వైపు కొదువలేనిది. పాలిష్ చేసిన బండ పనికిరాదు, అప్పుడే పగలగొట్టిన ముక్క కావాలి. దాన్ని ఎండలో పట్టుకుని మెల్లగా తిప్పండి. వేలిగోరంత ఫెల్డ్‌స్పార్ స్ఫటికం ఒకటి తళుక్కుమంటుంది. ఒక్కోసారి దానిలో సగమే మెరుస్తుంది, మిగతా సగం మసకగా ఉంటుంది, నడుమ గీత గీసినట్టు తిన్నని హద్దు కనిపిస్తుంది. ఇంకాస్త తిప్పితే ఇప్పటిదాకా మసకగా ఉన్న సగం మెరిసి, మెరిసిన సగం ఆరిపోతుంది. దీన్ని కార్ల్స్‌బాడ్ ట్విన్ అంటారు. రెండు సగాలూ ఒకే ఖనిజం, ఒకే నిర్మాణం. కాకపోతే ఒక సగం ఇంకో సగంతో పోలిస్తే సి అక్షం చుట్టూ 180 డిగ్రీలు తిరిగి ఉంటుంది.

ట్విన్ లక్షణమంతా అందులోనే ఉంది. ఒకే పదార్థపు రెండు లేదా అంతకంటే ఎక్కువ ముక్కలు కలిసి పెరుగుతాయి. ఒకదాన్ని ఇంకోదానిగా మార్చే సౌష్ఠవ క్రియ ఒకటి ఉంటుంది, అదే ట్విన్ లా. ఆ క్రియ ఆ స్ఫటికానికి సొంత సౌష్ఠవంలో భాగమై ఉండకూడదు. ఏ ముక్క ఎంత వంతు ఉందో చెప్పేది ట్విన్ భిన్నం. మనం వెతకాల్సింది ఈ రెండే, ఒక మాత్రిక, ఒక సంఖ్య.

రెండు క్రిస్టల్స్ ఎటుపడితే అటు అతుక్కుంటే అది ట్విన్ కాదు, గుంపు. పగిలి కాస్త పక్కకు జరిగినదీ ట్విన్ కాదు. సాఫ్ట్‌వేర్‌లో వీటన్నిటినీ దాదాపు ఒకే దారిలో నడిపించవచ్చు కాబట్టి రోజువారీ మాటల్లో అన్నిటినీ ట్విన్ అనేస్తుంటారు. మాటల్లో అన్నా ఇబ్బంది లేదు, పేపర్లో మాత్రం అలా రాయకూడదు.

రకాలు తెలియకపోతే ఎక్కడ వెతకాలో తెలియదు. రెండు ముక్కల జాలకాలు (నిర్మాణం పదేపదే తిరిగొచ్చే బిందువుల వలలు) కొన్నిచోట్ల మాత్రమే ఒకదానిపై ఒకటి పడితే అది నాన్-మెరోహెడ్రల్, ఫ్రేముల్లోనే (డిటెక్టర్ తీసిన ఎక్స్-రే చిత్రాల్లోనే) కనిపిస్తుంది. జాలకాలు పూర్తిగా ఒకదానిపై ఒకటి పడితే మెరోహెడ్రల్. ఫ్రేముల్లో దీని జాడ ఉండదు. టెట్రాగోనల్, ట్రైగోనల్, హెక్సాగోనల్, క్యూబిక్ వ్యవస్థల్లో జాలకానికున్నంత సౌష్ఠవం నిర్మాణానికి లేనప్పుడు ఇది వస్తుంది. 4/ఎం లావె తరగతి (డిఫ్రాక్షన్ చూపే సౌష్ఠవ వర్గం) అంతకంటే ఎక్కువ సౌష్ఠవమున్న 4/ఎంఎంఎం లాగా నటించడం దీనికి మామూలు ఉదాహరణ. నిజానికి సౌష్ఠవం తక్కువే ఉన్నా సెల్ (నిర్మాణంలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న పెట్టె) కొలతలు అనుకోకుండా పై వ్యవస్థకు సరిపోయి జాలకాలు కలిస్తే సూడో-మెరోహెడ్రల్. మోనోక్లినిక్‌లో బీటా (ఎ, సి అక్షాల మధ్య కోణం) 90 డిగ్రీలకు దగ్గరగా ఉండటం, ఎ, సి పొడవులు సమానంగా ఉండటం లాంటివి అందుకు కారణాలు. చేతివాటం (కుడి, ఎడమ చేతుల్లాంటి తేడా) ఎదురెదురుగా ఉన్న ముక్కలు కలిస్తే ఇన్వర్షన్ ట్విన్, అది ఎదురు చేతివాటం వాటాను చెప్పే ఫ్లాక్ విలువలో బయటపడుతుంది. రాంబోహెడ్రల్ క్రిస్టల్స్‌లో వచ్చే ఆబ్వర్స్, రివర్స్ ట్విన్ ఇంకో రకం. ఒక్కో రిఫ్లెక్షన్‌ను, అంటే మచ్చను, గుర్తించే మూడు పూర్ణసంఖ్యలు హెచ్, కె, ఎల్. −హెచ్+కె+ఎల్ = 3ఎన్ అయ్యే రిఫ్లెక్షన్లే ఉండాల్సిన చోట హెచ్−కె+ఎల్ = 3ఎన్ అయ్యేవి కూడా బలంగా కనిపిస్తే దాన్ని అనుమానించండి.

మెట్టు 1: మైక్రోస్కోప్ దగ్గర తొందరపడొద్దు

పోలరైజింగ్ మైక్రోస్కోప్‌లో రెండు పోలరాయిడ్లనూ అడ్డంగా పెట్టి, నూనె చుక్కలో ఉన్న క్రిస్టల్‌ను స్టేజీ మీద తిప్పండి. ఏక స్ఫటికమైతే ప్రతి 90 డిగ్రీలకోసారి అంతా ఒకేసారి నల్లబడుతుంది. ఒక భాగం నల్లబడ్డా ఇంకో భాగం వెలుగుతూనే ఉండి, నడుమ తిన్నని హద్దు కనిపిస్తే ట్విన్ దాదాపు చేతికి చిక్కినట్టే. క్రిస్టల్ అంచులో లోపలికి ముడుచుకున్న మూల ఉన్నా అనుమానించాలి. ఒంటరిగా పెరిగిన స్ఫటికానికి మూలలన్నీ బయటికే ఉంటాయి.

జియాలజీ చదివిన స్నేహితులుంటే గ్రానైట్ పల్చటి సెక్షన్ ఒకటి చూపించమనండి. ప్లాజియోక్లేజ్‌లో నలుపు, తెలుపు చారలు వరసగా ఉంటాయి. మైక్రోక్లైన్‌లో చారలు నిలువునా అడ్డంగా వచ్చి గళ్ల లుంగీలా కనిపిస్తుంది. ఆ గళ్లకు ఒక కథ ఉంది. ఎక్కువ వేడిలో మోనోక్లినిక్‌గా ఉన్న ఫెల్డ్‌స్పార్ చల్లారుతూ ట్రైక్లినిక్‌గా మారినప్పుడు, పోయిన సౌష్ఠవం ట్విన్ లాగా మిగిలిపోయింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, 100 కెల్విన్ నైట్రోజన్ ధార దగ్గర మళ్లీ అవసరమవుతుంది.

ఈ పరీక్షకు పరిమితులు లేకపోలేదు. క్యూబిక్ క్రిస్టల్ ఎటు తిప్పినా నల్లగానే ఉంటుంది. టెట్రాగోనల్, హెక్సాగోనల్ వాటిని ప్రధాన అక్షం వెంబడి చూస్తే అదే కథ. మెరోహెడ్రల్ ట్విన్లయితే మామూలుగా అసలు దొరకవు. పొలాల గట్ల మీద పడి ఉండే పలుగురాయినే తీసుకోండి. క్వార్ట్జ్‌లో డాఫినే ట్విన్ సాధారణం, వేడి క్వార్ట్జ్ 573 డిగ్రీల సెల్సియస్ దిగువకు చల్లారేటప్పుడు కూడా పుడుతుంది. రెండు ముక్కలకూ కాంతి అక్షం ఒకటే, చేతివాటం ఒకటే. అందుకే పోలరాయిడ్ కింద అది ఒకే ముక్కలా కనిపిస్తుంది. కాబట్టి మైక్రోస్కోప్ "రెండు" అంటే నమ్మండి. "ఒకటి" అంటే మాత్రం ఇంకా చూడాలి.

హద్దు స్పష్టంగా కనిపించి, క్రిస్టల్ కాస్త పెద్దదైతే నూనెలోనే కొత్త బ్లేడుతో హద్దు వెంట కోసి, ఒక్క ముక్కను మాత్రమే లూప్‌లోకి ఎత్తండి. పది నిమిషాల ఈ పని చాలాసార్లు వారం రోజుల కంప్యూటర్ తిప్పలను తప్పిస్తుంది. సూదుల్లాంటి క్రిస్టల్స్‌తో మరింత జాగ్రత్త కావాలి. పైకి ఒకటిగా కనిపించినా పొడవు వెంట రెండు మూడు కలిసి ఉండటం వాటికి అలవాటు.

మెట్టు 2: ఫ్రేములు తెప్పించుకోండి

డేటా బయట చేయించుకున్నవాళ్లకు తరచుగా చేతికి వచ్చేది హెచ్‌కెఎల్ ఫైలు (రిఫ్లెక్షన్ల తీవ్రతల జాబితా), ఒక సీఐఎఫ్ (ఫలితాల ఫైలు), అంతే. అసలు ఫ్రేములు అడిగి తెచ్చుకోండి. నాన్-మెరోహెడ్రల్ ట్విన్ సాక్ష్యం మొత్తం అక్కడే ఉంటుంది. హెచ్‌కెఎల్ ఫైలుగా మారేసరికి అందులో సగం చెరిగిపోతుంది.

ఫ్రేముల్లో చూడాల్సింది మచ్చల తీరు. అన్ని మచ్చలూ సాగదీసినట్టుంటే క్రిస్టల్ నాణ్యత బాగాలేదని అర్థం. కొన్ని సూదిమొనల్లా ఉండి, కొన్ని మాత్రమే రెండుగా చీలి ఉంటే ట్విన్ వాసన తగులుతున్నట్టే. తక్కువ కోణంలో ఒకటిగా ఉన్న మచ్చలు కోణం పెరిగేకొద్దీ విడిపోతుంటే, రెండు జాలకాలు దాదాపు కలిశాయిగానీ పూర్తిగా కలవలేదని అర్థం.

తర్వాత ఇండెక్సింగ్, అంటే మచ్చలకు సరిపోయే సెల్‌ను కనుక్కుని ఒక్కోదానికి హెచ్, కె, ఎల్ ఇవ్వడం. దొరికిన సెల్‌తో ఎన్ని మచ్చలకు లెక్క కుదిరింది, ఎన్నింటికి కుదరలేదు అన్నది చూడండి. కుదరనివాటిని "నాయిస్" అని తీసేయమని సాఫ్ట్‌వేర్ అడుగుతుంది. తీసేయకండి. వాటినే పక్కకు తీసి మళ్లీ ఇండెక్స్ చేయండి. సెల్_నౌ ప్రోగ్రామ్ చేసేది ఇదే, క్రిస్ఎలిస్‌ప్రోలోనూ ఇందుకు దారి ఉంది. మిగిలిన మచ్చలకు కూడా అదే సెల్ సరిపోయి, రెండో జాలకం మొదటిదానికి ఏదో ఒక ముఖ్య అక్షం చుట్టూ 180 డిగ్రీలు తిరిగి ఉందని వస్తే అది ట్విన్. అక్షం ఏ పూర్ణసంఖ్యల దిశకూ సరిపోకుండా, కోణం 7.3 డిగ్రీల లాంటిది వస్తే రెండు క్రిస్టల్స్ అతుక్కున్నాయని తేల్చుకోవచ్చు.

మచ్చలన్నిటినీ మూడు దిశల్లో చూపే రెసిప్రోకల్ లాటిస్ వ్యూయర్‌లో ఆ మచ్చల మేఘాన్ని తిప్పుతూ ఒక్కో అక్షం వెంట చూడండి. రెండు వలలు ఒకదానిపై ఒకటి పరిచినట్టు కనిపించే కోణం ఒకటి దొరుకుతుంది. కన్ను పట్టుకున్నంత తేలిగ్గా దీన్ని ఏ అల్గారిథమూ పట్టుకోదని నా నమ్మకం.

చిన్న అణువుకు 60 ఆంగ్‌స్ట్రామ్‌ల అక్షం వచ్చిందనుకోండి. అంత పెద్ద సెల్ నిజంగా ఉండటం కంటే, రెండు ట్విన్ జాలకాలను కలిపి సాఫ్ట్‌వేర్ ఒకే పెద్ద సెల్‌గా అల్లేసి ఉండే అవకాశమే ఎక్కువ. హైడ్రోజన్ కాని ఒక్కో పరమాణువుకు దాదాపు 18 ఘనపు ఆంగ్‌స్ట్రామ్‌లు లెక్కేసుకుని, సెల్ ఘనపరిమాణంలో ఎన్ని అణువులు పడతాయో చూడండి. అర్థంలేని సంఖ్య వస్తే సెల్ తప్పు.

మెట్టు 3: సెల్ కొలతలతో కాగితం మీద ఒక చిన్న లెక్క

ఇది ఎవరూ చేయరు, అందరూ చేయాలి. మోనోక్లినిక్ సెల్‌లో సి పొడవును బీటా కొసైన్‌తో గుణించి, రెండింతలు చేసి, ఎ పొడవుతో భాగించండి. వచ్చిన సంఖ్యను ఎం అనుకుందాం. ఎ అక్షం చుట్టూ 180 డిగ్రీలు తిరిగిన ట్విన్ ఉంటే కొత్త సూచికలు ఇలా వస్తాయి: హెచ్ అలాగే ఉంటుంది, కె గుర్తు మారుతుంది, కొత్త ఎల్ = ఎం×హెచ్ − ఎల్.

ఎం సున్నాకు దగ్గరగా ఉంటే బీటా 90కి దగ్గరగా ఉన్నట్టు. సెల్ చూడగానే అందరికీ అనుమానం వచ్చే సందర్భమిది. అప్పుడు ట్విన్ మాత్రిక 1 0 0, 0 −1 0, 0 0 −1.

అసలు మోసం ఎం పూర్ణసంఖ్య అయినప్పుడు జరుగుతుంది. ఉదాహరణకు ఎ 8.00, సి 12.00 ఆంగ్‌స్ట్రామ్‌లు, బీటా 109.47 డిగ్రీలు అనుకోండి. చూడటానికి సాదాసీదా మోనోక్లినిక్. కొసైన్ −0.3333, రెండింతలు చేసి 12తో గుణిస్తే −8.00, ఎ తో భాగిస్తే ఎం = −1. అంటే ఎ+2సి దిశ ఎ అక్షానికి సరిగ్గా లంబంగా ఉంది. 8.00, బి, 22.63 ఆంగ్‌స్ట్రామ్‌లతో బి-సెంటర్డ్ ఆర్థోరాంబిక్ సెల్ ఒకటి ఇందులో దాక్కుని ఉంది. ట్విన్ అయితే ప్రతి మచ్చా ఇంకో మచ్చ మీద పడుతుంది, ఫ్రేముల్లో చీలిక కనిపించదు. మాత్రిక 1 0 0, 0 −1 0, −1 0 −1. ఇండెక్సింగ్ సాఫ్ట్‌వేర్ ఈ ఆర్థోరాంబిక్ సెల్‌నే ముందుకు నెడుతుంది, విద్యార్థి దాన్నే పట్టుకుంటాడు.

ఎం −1/3 లాంటి చిన్న భిన్నమైతే, హెచ్ 3తో భాగించబడే పొరల్లో మాత్రమే మచ్చలు కలుస్తాయి. మిగతా పొరలు శుభ్రంగా ఉంటాయి. ఇది నాన్-మెరోహెడ్రల్. ఐదో మెట్టులో ఈ "హెచ్ = 3ఎన్" మళ్లీ ఎదురవుతుంది. సి అక్షం చుట్టూ తిరిగిన ట్విన్‌కు ఎ, సి ల స్థానాలు మార్చి ఇదే లెక్క చేయండి. ఎ, సి పొడవులు సమానమైతే ఆ రెండూ తారుమారయ్యే మాత్రికను కూడా పరీక్షించాలి: 0 0 1, 0 −1 0, 1 0 0.

సెల్ అనుమానం తెచ్చాక ఆర్-ఇంట్ (సౌష్ఠవం ప్రకారం సమానం కావాల్సిన రిఫ్లెక్షన్ల మధ్య తేడా) చూడండి. తక్కువ సౌష్ఠవంలో 0.04, ఎక్కువ సౌష్ఠవంలో 0.05 వస్తే పై సౌష్ఠవం నిజమే కావచ్చు, లేదా రెండు ముక్కలూ సగం సగం ఉన్న ట్విన్ కావచ్చు. పై సౌష్ఠవంలో 0.45 వస్తే అది లేనే లేదు. ఈ రెంటికీ నడుమ 0.12 లాంటి విలువ ఎటూ తేలనట్టుంటుంది చూశారా, అక్కడే ట్విన్ కూర్చుని ఉంటుంది. రెండు భాగాలూ అసమానంగా కలిసినప్పుడు ఆర్-ఇంట్ అలా మధ్యలో ఇరుక్కుంటుంది. ఉండకూడని రిఫ్లెక్షన్ల జాబితా ఏ స్పేస్ గ్రూప్‌కూ సరిపోకపోవడం ఇంకో గట్టి సూచన.

మెట్టు 4: తీవ్రతల గణాంకాలు

మెరోహెడ్రల్ ట్విన్‌కు ఇదే అసలు వల. ఎందుకు పనిచేస్తుందో తెలిస్తే అంకెలను గుడ్డిగా నమ్మాల్సిన పని ఉండదు. ఏక స్ఫటికంలో కొన్ని రిఫ్లెక్షన్లు చాలా బలంగా, కొన్ని దాదాపు శూన్యంగా ఉంటాయి. ట్విన్‌లో ఒక్కో కొలత వెనుక సంబంధం లేని రెండు రిఫ్లెక్షన్ల మొత్తం ఉంటుంది. రెండూ ఒకేసారి శూన్యం కావడం అరుదు, రెండూ ఒకేసారి అతి బలంగా ఉండటమూ అరుదే. అందుకే బలహీనమైనవి కనబడకుండా పోతాయి, అన్నీ సగటు వైపు జరుగుతాయి.

చిన్న అణువులకు చూసేది ఈ²−1 పరమ విలువ సగటు. ఇక్కడ ఈ అంటే సగటుతో సరిచేసిన రిఫ్లెక్షన్ బలం. సౌష్ఠవ కేంద్రం ఉన్న నిర్మాణానికి సిద్ధాంతం ప్రకారం 0.968, లేనిదానికి 0.736. 0.6 కంటే తక్కువకు పడిపోతే ట్విన్ అనుమానం గట్టిది. కేంద్రం లేని నిర్మాణం సగం సగంగా ట్విన్ అయితే 0.54 దగ్గర పడుతుంది.

ఇక్కడే ఒక గుంట ఉంది. సౌష్ఠవ కేంద్రం ఉన్న నిర్మాణం సగం సగంగా ట్విన్ అయితే దాని తీవ్రతల పంపిణీ సరిగ్గా కేంద్రం లేని మామూలు క్రిస్టల్ పంపిణీలా మారుతుంది, సగటు 0.736 వస్తుంది. సాఫ్ట్‌వేర్ "కేంద్రం లేదు" అంటుంది. మీరు కేంద్రం లేని స్పేస్ గ్రూప్‌లో అణువులను రెట్టింపు పెట్టి రిఫైన్ చేస్తారు (మోడల్‌ను డేటాకు సరిదిద్దుతారు), పరమాణువుల ఎలిప్సాయిడ్లు (కంపనాన్ని చూపే గుడ్డు ఆకారాలు) వింతగా సాగుతాయి, ఫ్లాక్ విలువ 0.5 దగ్గర తచ్చాడుతుంది. కాబట్టి 0.736 "అంతా బాగుంది" అన్న సర్టిఫికెట్ కాదు. రెండు చేతివాటాలూ సమానంగా ఉన్న రేసిమిక్ పదార్థానికి ఈ అంకె వస్తే ఒకసారి ఆగి ఆలోచించండి.

ప్రోటీన్ చేసేవాళ్లకు కొలబద్దలు వేరు. తీవ్రత వర్గాల సగటును సగటు తీవ్రత వర్గంతో భాగిస్తే ఏక స్ఫటికానికి 2.0, పూర్తి (సగం సగం) ట్విన్‌కు 1.5 రావాలి. సౌష్ఠవ కేంద్రమున్న చిన్న అణువులకైతే అదే లెక్క 3.0 నుంచి 2.0కు దిగుతుంది. 2003లో పడిల్లా, ఈట్స్ తెచ్చిన ఎల్-టెస్ట్ దీనికంటే నమ్మదగినది. దగ్గర దగ్గర రిఫ్లెక్షన్ల జంటల్లో తేడాను మొత్తంతో భాగిస్తే వచ్చే ఎల్ పరమ విలువ సగటు ఏక స్ఫటికానికి 0.5, పూర్తి ట్విన్‌కు 0.375. ట్విన్ లా ఏదో ముందే తెలియక్కర్లేకపోవడం దీని గొప్పతనం. ఫీనిక్స్ సాఫ్ట్‌వేర్‌లోని ఎక్స్‌ట్రియాజ్ ఒక్క ఆదేశంతో ఇవన్నీ లెక్కగట్టి ఇస్తుంది. ట్విన్ లా తెలిస్తే హెచ్-టెస్ట్ భిన్నాన్నీ చెబుతుంది. ట్విన్ జంటల మీద చేసిన అదే తేడా లెక్క సగటు 0.5 నుంచి ట్విన్ భిన్నాన్ని తీసేసినంత ఉంటుంది. 0.2 వస్తే భిన్నం 0.3 అన్నమాట.

సెల్‌లో రెండు అణువులు ఒకే తీరున నిలబడి, కేవలం పక్కకు జరిగి ఉంటే, అంటే సూడో-ట్రాన్స్‌లేషన్ ఉంటే, ఒక వరస బలంగా ఒక వరస బలహీనంగా మారి ట్విన్ ప్రభావం కప్పబడిపోతుంది. సగటు మామూలుగా కనిపిస్తుంది. ఎల్-టెస్ట్ దీన్ని కొంత తట్టుకుంటుంది, మిగతావి తట్టుకోవు. ప్యాటర్సన్ పటంలో (తీవ్రతల నుంచి నేరుగా గీసే, పరమాణు జంటల మధ్య దూరాల పటంలో) మూలబిందువు కాని చోట పెద్ద శిఖరం ఉందేమో ముందు చూడండి. ట్విన్ అయినంత మాత్రాన ఆశ వదులుకోనక్కర్లేదనడానికి బ్యాక్టీరియోరోడాప్సిన్ సాక్ష్యం. పి6₃ స్పేస్ గ్రూప్‌లోని దాని క్రిస్టల్స్ మెరోహెడ్రల్ ట్విన్లుగా పేరుమోసినవి. అయినా 1990ల చివర్లో వాటి నుంచే మంచి రిజల్యూషన్ నిర్మాణాలు వచ్చాయి.

మెట్టు 5: రిఫైన్‌మెంట్ పెట్టే మొర

స్ట్రక్చర్ సాల్వ్ అయింది, ఆర్ ఆగిపోయింది. రిఫైన్ చేసే ప్రోగ్రామ్ షెల్ఎక్స్ఎల్ అవుట్‌పుట్‌లో చాలామంది దాటేసే రెండు పట్టికలున్నాయి.

ఒకటి, అత్యంత తేడా ఉన్న 50 రిఫ్లెక్షన్ల జాబితా. మామూలు తప్పులైతే కొలిచినది కొన్నిచోట్ల ఎక్కువ, కొన్నిచోట్ల తక్కువ ఉంటుంది. ట్విన్‌లో దాదాపు అన్నిట్లోనూ కొలిచినదే ఎక్కువ, ఎందుకంటే రెండో ముక్క వాటా అక్కడ అదనంగా చేరింది. ఆ జాబితాను ఒక కాగితం మీద రాసుకుని హెచ్, కె, ఎల్ నిలువు వరసలను విడివిడిగా చదవండి. హెచ్ వరసలో 3, 6, −3, 0, 9 అని వస్తోందా? అయితే మూడో మెట్టులోని ఎం = −1/3 ఎదురుగా నిలబడినట్టే. సెల్ కొలత ఒకవైపు నుంచి, రిఫైన్‌మెంట్ ఇంకోవైపు నుంచి వచ్చి ఒకే చోట కలిశాయి. రుజువు అని నేననేది దీన్నే.

రెండోది కె పట్టిక. అందులో కొలిచిన తీవ్రతల సగటును లెక్కించిన తీవ్రతల సగటుతో భాగించి, బలం ప్రకారం గుంపులుగా ఇస్తారు. అన్ని గుంపుల్లో 1కి దగ్గరగా ఉండాలి. అతి బలహీన గుంపులో 3, 5 అలా ఎగిసిపోతే రెండో ముక్క ఉందని గట్టి సూచన.

ఇంతదాకా వచ్చాక ప్లాటన్‌లోని ట్విన్‌రాట్‌మ్యాట్ గానీ రోటాక్స్ గానీ నడపండి. తేడా ఉన్న రిఫ్లెక్షన్లను చూసి అవే ట్విన్ లా సూచిస్తాయి. మీ చేతి లెక్కతో వచ్చిన మాత్రికతో అది కలిస్తే సంతోషం. ఎక్కడిదో తెలియని మాత్రికను ఇచ్చి, ఆర్ అర శాతం తగ్గుతుందని ఆశపెడితే నమ్మకండి.

మెట్టు 6: ట్విన్ లాను పరీక్షకు నిలబెట్టడం

మెరోహెడ్రల్, సూడో-మెరోహెడ్రల్ అయితే షెల్ఎక్స్ఎల్ ఆదేశాలుండే ఐఎన్ఎస్ ఫైలులో ట్విన్ ఆదేశం పక్కన మాత్రిక, కింద బాస్ఫ్ (ట్విన్ భిన్నం) 0.3 అని పెట్టి రిఫైన్ చేస్తే సరిపోతుంది. నాన్-మెరోహెడ్రల్‌కు రెండు జాలకాలనూ కలిపి ఇంటిగ్రేట్ చేసి, ఏ రిఫ్లెక్షన్ ఏ ముక్కదో రాసి ఉండే హెచ్‌కెఎల్‌ఎఫ్ 5 రకం ఫైలు తయారుచేసుకోవాలి. ఫ్రేములు అడగమన్నది ఇందుకే.

ఆర్ 14 శాతం నుంచి 4.5కు పడి, మిగులు సాంద్రత శిఖరాలు చదునై, ఎలిప్సాయిడ్లు కుదుటపడి, బంధ దూరాలు కెమిస్ట్రీకి సరిపోయి, కె పట్టిక 1కి వస్తే ఇంక అనుమానం లేదు. బాస్ఫ్ 0.02 దగ్గర ఆగి, దాని ప్రామాణిక దోషం కూడా అంతే ఉంటే ట్విన్ లేదు, ఆదేశం తీసేయండి. 5.2 నుంచి 4.9కు దిగడం లాంటివాటిలో ఆర్ మాట పక్కనపెట్టి మిగతా లక్షణాలు చూడండి. ట్విన్ మోడల్‌లో ఒక్కో కొలతను రెండు అంకెల మొత్తంతో సరిపోలుస్తాం కాబట్టి ఆర్ సహజంగానే కాస్త మెత్తబడుతుంది. ట్విన్ ఆర్‌ను, ట్విన్ కాని ఆర్‌ను పక్కపక్కన పెట్టి పోల్చడం సరికాదు.

ప్రోటీన్ వాళ్లకు అదనంగా ఒక మాట. ఆర్-ఫ్రీ (రిఫైన్‌మెంట్‌లో వాడని రిఫ్లెక్షన్లతో కట్టే ఆర్) కోసం పక్కకు తీసే రిఫ్లెక్షన్లలో ట్విన్ జంటలు రెండూ ఒకే వైపు ఉండాలి. ఒకటి ఇటు, ఒకటి అటు ఉంటే ఆర్-ఫ్రీకి అర్థమే ఉండదు.

ఫ్లాక్ విలువ విడిగా చూడాలి. జడ్చర్ల పోలేపల్లి ఫార్మా సెజ్ వైపు ఉద్యోగం చూసుకునేవాళ్లకు ఇది మరీ అవసరం, చేతివాటం మారితే మందు గుణమే మారవచ్చు. 0.40 విలువ, దోషం 0.03 అయితే ఇన్వర్షన్ ట్విన్ అనొచ్చు. 0.40 విలువ, దోషం 0.3 అయితే డేటా ఏమీ చెప్పలేదు. కార్బన్, నైట్రోజన్, ఆక్సిజన్ మాత్రమే ఉన్న అణువును మాలిబ్డినం కిరణాలతో కొలిస్తే ఎక్కువగా ఈ రెండో పరిస్థితే వస్తుంది. అవసరమైతే రాగి కిరణాలతో మళ్లీ కొలిపించండి. ఇంకో సంగతి, పదార్థం నిజంగా ఒకే చేతివాటంతో శుద్ధంగా ఉంటే ఇన్వర్షన్ ట్విన్ అవడం అసాధ్యం. అప్పుడు కూడా 0.4 కచ్చితంగా వస్తుంటే శుద్ధత మీదే అనుమానం రావాలి.

ట్విన్‌లా నటించేవి

డిజార్డర్ మొదటిది, అంటే అణువు కొన్ని సెల్స్‌లో ఒక స్థానంలో, మిగతావాటిలో ఇంకో స్థానంలో ఉండటం. అణువు దాని అద్దపు ప్రతిబింబంతో కలిసిపోయినట్టు మొత్తంగా రెండు స్థానాల్లో కనిపిస్తే, ఒకటి డిజార్డర్ అయి ఉండాలి, లేదా ట్విన్‌ను తప్పుడు ఎక్కువ సౌష్ఠవంలో చూస్తూ ఉండాలి. సౌష్ఠవం ఒక మెట్టు దించి ట్విన్ లా పెట్టి చూడండి, డిజార్డర్ మాయమైతే అది ట్విన్. శోషణ సవరణ సరిగా లేకపోయినా, భారలోహం పక్కన ఉన్నా మిగులు శిఖరాలు వస్తాయి, వాటికి ట్విన్ మందు పనిచేయదు. మాడ్యులేటెడ్ నిర్మాణాల్లో అదనపు మచ్చలు ముఖ్య మచ్చలకు ఇరువైపులా సమాన దూరంలో ఉంటాయి. రెండో జాలకంగా అవి ఇండెక్స్ కావు.

తేలాక ఏం చేయాలి

ముందు ఇంకో క్రిస్టల్ చూడండి, అదే వయల్‌లో ట్విన్ కానిది ఉండవచ్చు. 100 కెల్విన్‌లో ట్విన్ అని తేలితే గది వేడిలో సెల్ మళ్లీ కొలిపించండి. గది వేడిలో పై సౌష్ఠవం నిజంగానే ఉండి, చల్లబరిస్తే తగ్గుతుంటే, మైక్రోక్లైన్‌లో జరిగినదే నైట్రోజన్ ధారలో మీ క్రిస్టల్‌కూ జరిగింది. అప్పుడు కాస్త ఎక్కువ ఉష్ణోగ్రతలో డేటా తీస్తే చిక్కు తీరిపోతుంది.

పెంచే పద్ధతి మార్చడం మూడో దారి. ఏప్రిల్, మే నెలల్లో మన ల్యాబ్‌లలో ఇథనాల్, అసిటోన్ మూత తీస్తే చాలు ఆవిరైపోతాయి. అంత వేగంగా పెరిగితే ఒకదానిలోంచి ఒకటి పొడుచుకొస్తాయి. వయల్ మీద అల్యూమినియం ఫాయిల్ బిగించి, సూదితో ఒకటి రెండు చిల్లులు మాత్రం పొడిచి, చల్లటి చోట అటూ ఇటూ కదలకుండా పెట్టండి. సాల్వెంట్ మార్చినా కొన్నిసార్లు వేరే రూపం వచ్చి ట్విన్ సమస్యే పోతుంది.

ఏ దారీ కుదరకపోతే ట్విన్ డేటాతోనే ప్రచురించండి, తప్పేమీ లేదు. సీఐఎఫ్‌లోనూ ప్రయోగ విభాగంలోనూ ట్విన్ రకం, మాత్రిక, భిన్నం దాని దోషంతో సహా రాయాలి. "ఎ అక్షం చుట్టూ 180 డిగ్రీల భ్రమణంతో సూడో-మెరోహెడ్రల్ ట్విన్, మాత్రిక 1 0 0, 0 −1 0, −1 0 −1, రెండో భాగం 0.312(2)" అన్నంత స్పష్టంగా ఉంటే రిఫరీ నుంచి ఆ ప్రశ్న తిరిగి రాదు. హెచ్‌కెఎల్‌ఎఫ్ 5 వాడినట్టయితే ఆ ఫైలును, విడదీయని అసలు హెచ్‌కెఎల్‌నూ రెండూ జతచేయండి.